గొంతు పోయిన బ్యాండుకు మైకు పెట్టినవాణ్ణి

"పాడేటోడే పోయినంక ఇగ బ్యాండేంది కాకా?"

ఈ మాట నాతో అన్నవాళ్ళను వరుసగా నిలబెడితే జగిత్యాల పాత బస్టాండు నుంచి కోరుట్ల దాకా వస్తారు. సరే, అంతమంది లేరు. ఓ పది పదిహేను మంది ఉంటారు. కానీ ఒక్కొక్కరూ ఆ సంగతి తామే కనిపెట్టినట్టు, తల ఒక పక్కకు వంచి, నాలుక చప్పరించి మరీ అన్నారు. తిడితే ఊరుకుంటాను గానీ, ఆ చప్పరింపు నాకు పడదు.

నేను మైకుల పని చేసినవాణ్ణి. పేరు రాజేశం. పొద్దున లేస్తే సుప్రభాతానికి, సాయంత్రం మీటింగుకు, మధ్యలో పెళ్ళికి. మోకాళ్ళు మొరాయించేదాకా అదే పని. ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు సౌండ్ ఇంజనీరింగ్ అని ఏదో కోర్సు చేసి, ఏ కంపెనీ బాక్సు మంచిదని అడగడానికి మా ఇంటికి వస్తుంటారు. ఆ సంగతి దుకాణంలోనే చెప్తారు, నాకు చాయి ఖర్చు దండగ. దుకాణంలో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను, అది ముందే చెప్పేస్తే మంచిది.

మోకు, హారను

మా నాయిన తాళ్ళెక్కేవాడు. ఆయన మోకే నడుముకు చుట్టుకుని నేను చెట్లూ స్తంభాలూ ఎక్కి హారన్లు కట్టాను. వెల్గటూరు నుంచి కోనరావుపేట దాకా నేను ఎక్కని స్తంభం లేదు. నిజానికి ఎత్తయినవి మా తమ్ముడు ఎక్కేవాడు. నాకు కళ్ళు తిరిగేవి. గౌడు కొడుక్కి ఎత్తంటే భయమని చెప్పుకుంటే పిల్లనెవరిస్తారు? అందుకని నేను కింద నిలబడి గట్టిగా అరిచేవాణ్ణి. అరిచేవాడే పనివాడని జనం అనుకుంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ వృత్తిలో పనికొస్తుంది.

నాకు పని నేర్పింది జగిత్యాలలో ఒక టెంట్ హౌస్ సేటు. నోరు చెడ్డది, చెవి మంచిది. ఒకసారి వేములవాడలో ఒక లాడ్జి ముందు భజన పెట్టారు. పాడే ఆయన బంధువులు నా చుట్టూ చేరి "మా మామ గొంతు పెంచు, మా మామ గొంతు పెంచు" అని ఒకటే గోల. పెంచాను. ఇంకా పెంచమన్నారు. డోలక్కు మీది మైకు కూత పెడుతుంటే దాన్ని పూర్తిగా తగ్గించి, మామ గొంతు పెంచాను. కాసేపటికి డోలక్కు ఆయన వాయించడం మానేసి పక్కన పెట్టుకున్నాడు. తన దెబ్బ తనకే వినపడనప్పుడు ఎందుకు కొట్టాలి? మామ మాత్రం ఊపు మీద ఉన్నాడు. పట్టుకునే దెబ్బ లేక పాట పరుగందుకుంది, ఆయన వెనకాల రొప్పుతూ పరుగెత్తాడు, చివరికి ఒక చరణం మధ్యలో దగ్గు అందుకుని కూర్చుండిపోయాడు.

సేటు వచ్చి నా చెవి పట్టుకున్నాడు. "ఆయన గోడెక్కుతుండు, నువ్వు కిందికెల్లి నిచ్చెన గుంజినవ్ కద ర!" అన్నాడు.

అంతకు మించి ఆ సేటు నాకు ఏమీ నేర్పలేదు. అంతకు మించి అవసరమూ రాలేదు. గొంతు ఒక్కటే పాట కాదు. పాడేవాడు దేనిమీద నిలబడి పాడుతున్నాడో అది జనానికి వినపడకపోయినా ఫరవాలేదు గానీ, పాడేవాడికి వినపడాలి. ఇది తెలియని దేశంలో మనం ఉన్నాం. పోస్టరు మీద పాడేవాడి ఫొటో మంచమంత ఉంటుంది, వాయించేవాళ్ళది అగ్గిపెట్టెంత. మైకు పెట్టినవాడిది అసలే ఉండదు. దీనిమీద నేను జీవితమంతా పోరాడాను. అంటే, ఒకసారి పోస్టరు అంటించేవాడితో గొడవ పెట్టుకున్నాను.

సాంచాల చప్పుడులోంచి వచ్చిన పిల్లలు

పని మానేద్దామని అనుకుంటున్న రోజుల్లో సిరిసిల్ల నుంచి వేణు అనే అతను వచ్చాడు. పద్మశాలీల అబ్బాయి, తండ్రి సాంచాలు నడిపిస్తాడు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. తాను డ్రమ్స్ వాయిస్తాడట, ఒక రాక్ బ్యాండు ఉందట, మైకులు నేను చూసుకోవాలట.

"ఏం పాటలు కొడ్తరు?" అన్నాను.

"ప్రోగ్రెసివ్ రాక్, కాకా."

"అంటె ఏంది?"

వేణు తల గోక్కున్నాడు. "ఒక పాటనే చానాసేపు ఉంటది. నడుమ నడుమ తొవ్వ మారుతది. ఇప్పుడు ఏడు దెబ్బలు కొడ్తుంటం, జెరసేపటికి నాలుగైతది. మళ్ల ఇంకోటైతది."

"ఒగ్గు కథ లెక్కనా?"

"గట్లనే అనుకో. గని కథ ఉండదు."

కథ లేని ఒగ్గు కథకు జనం ఎవరొస్తారు? ఎవరూ రారనే అనుకుని వెళ్ళాను. మొదటి ప్రోగ్రాంకు ఎవరూ రాలేదు కూడా. అయినా నేను ఉండిపోయాను. నా సంగీత జ్ఞానం వల్ల ఉండిపోయానని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. అసలు కారణం, వేణు వాళ్ళమ్మ చేసే తలకాయ కూర.

నలుగురే. వేణు డ్రమ్స్. కోరుట్ల నవీన్ గిటారు, ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉంటాడు. జమీల్ కీబోర్డు, వాళ్ళన్న సాంచాలు రిపేరు చేస్తాడు. పాడేవాడు గంగాధర్, వెల్గటూరు పక్క ఊరివాడు. సన్నగా, చెరుకుగడలా ఉండేవాడు. నోరు తెరిస్తే గోదావరి పొంగినట్టు ఉండేది. ఇందులో నేనేమీ పెంచి చెప్పడం లేదు.

వాళ్ళ బ్యాండు పేరే 'సాంచ'. వాళ్ళ పాటల్లో పెద్దది 'కరెంటు పోయిన పొద్దు'. పెళ్ళి భోజనంలో ఒక బంతి లేచేంతసేపు సాగుతుంది. మొదట అంతా సాంచాల షెడ్డు చప్పుడే. డ్రమ్స్, గిటారు, కీబోర్డు ఒకదానిమీద ఒకటి పడుతూ, మాట వినపడనంతగా. ఆ చప్పుడు మీద గంగాధర్ గొంతు. ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. కరెంటు పోయిందన్నమాట. షెడ్లలో పెరిగినవాళ్ళకు ఆ నిశ్శబ్దం తెలుసు. పిచుక అరుపు, పక్కింటి పసిపాప ఏడుపు, ఎవరో దగ్గడం, అవన్నీ అప్పటిదాకా లేనట్టే, ఒక్కసారిగా వినపడతాయి. పాటలో ఆ నిశ్శబ్దం ఎంతసేపో లెక్క లేదు. గంగాధర్ ఊపిరి పీల్చేవాడు. మైకులో ఆ ఊపిరి చప్పుడు "హ్‌ఁ" మని వినపడేది. అంతే, నలుగురూ ఒక్కసారిగా కొత్త దెబ్బలో పడేవాళ్ళు.

ఆ ఊపిరి ముగ్గురికీ స్పష్టంగా వినపడేలా చేసింది నేనే. అది నా తెలివి అని చాలామందికి పాఠం కూడా చెప్పాను. అసలైతే ఆ మైకు స్టాండు మర అరిగిపోయి, మైకు ముందుకు వాలి గంగాధర్ ముక్కు కిందికి వచ్చేది. బాగుచేద్దామనుకుంటూనే బద్ధకించాను. ఒకరోజు మంచి స్టాండు తెస్తే వేణు గొడవ చేశాడు: "కాకా, ఊపిరి ఇనొస్తలేదు! మేమెట్ల లేవాలె?" అప్పుడు తెలిసింది నాకు, వీళ్ళు లెక్క పెట్టడం లేదని, ఆ మనిషి ఊపిరి పట్టుకుని నడుస్తున్నారని. పాత స్టాండే మళ్ళీ పెట్టాను.

పనిలోకి వచ్చేవాళ్ళు ఇది రాసుకోండి. వాయించేవాళ్ళు ఒకరి దగ్గర ఒకరు దేన్ని పట్టుకుని నడుస్తున్నారో ముందు కనిపెట్టండి. వాళ్ళనడిగితే చెప్పలేరు. వాళ్ళకే తెలియదు.

ఖాళీ జాగ

గంగాధర్ జ్వరంతో పోయాడు. ఇక్కడ నేను ఎక్కువ రాయను. భార్య లావణ్య, చిన్న బిడ్డ ఉన్నారు.

పదకొండో రోజు కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు డ్రమ్ముల సెట్టు అమ్ముతారా అని వేణునే అడిగాడు. ఒకడు నవీన్‌కు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో పనిస్తానన్నాడు, రింగుటోన్లు వాయించడానికి. ఇంకొకడు గంగాధర్ లాగే పాడేవాడు కరీంనగర్‌లో ఉన్నాడన్నాడు, "సేమ్ టు సేమ్, మీసం గూడ గట్లనే". మీసం! చచ్చినవాడి మీసాన్ని వెతికి తెచ్చే జనం, బతికున్న ముగ్గురు ఏం చేస్తున్నారని అడగరు. నిచ్చెన గోడకు ఆనించే ఉంది, దాన్ని చూసినవాడు ఒక్కడు లేడు.

బ్యాండు సంగతి మాత్రం నిజంగానే బాగాలేదు. సిరిసిల్లలో వేణు వాళ్ళ సాంచాల షెడ్డులో కూర్చుని ఆ పెద్ద పాట వాయించేవాళ్ళు. కరెంటు పోయే చోటు దాకా బాగా వచ్చేది. అక్కడ ఆగేవాళ్ళు. ముగ్గురూ ఖాళీ జాగ వైపు చూసేవాళ్ళు. ఎవరూ లేచేవాళ్ళు కాదు. జమీల్ మెల్లగా కీబోర్డు స్విచ్చు ఆపేసేవాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవాళ్ళు కాదు. చాయి తాగి ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఇట్లా నెలలు గడిచాక వేణు నాతో అన్నాడు: "కాకా, ఒక్కసారి జనం ముంగట గా పాట పురాగ కొట్టాలె. అస్తె ఉంటం. రాకుంటె ఖతం. నేను నాయినతోని సాంచాల మీదికి పోత."

అది విని నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. గంగాధర్ మీదేమో.

కోరుట్లలో తయారైన గొంతు

గంగాధర్ సంవత్సరీకానికి కోరుట్లలో ఒకాయన సభ పెట్టాడు. అందరూ ఆయన్ను 'అన్న' అంటారు. నాకంటే చాలా చిన్నవాడు, అయినా నేనూ అన్నా అనే అంటాను, ఊళ్ళో ఉండాలి కదా. ఫంక్షన్ హాలు, గేటు నుంచి స్టేజీ దాకా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల్లో గంగాధర్ కంటే అన్న మొహమే పెద్దది. వేలమంది వచ్చారు. వందల్లో అనుకోండి. కుర్చీలు మాత్రం వేలకే వేశారు.

మధ్యాహ్నం మైకులు సరిచూస్తుంటే హైదరాబాదు నుంచి ఒక ల్యాప్‌టాప్ ఆయన దిగాడు. గంగాధర్ పాత పాటలన్నీ కంప్యూటర్‌కు నేర్పించి, అతని గొంతును తయారు చేశాడట. పెద్ద తెర మీద బొమ్మ పాడుతుంది, వెనకాల మన పిల్లలు వాయిస్తారు. చెవుల్లో టిక్కుటిక్కుమని లెక్క వినపడుతుంది, దాని ప్రకారం కొట్టాలి. గంగాధర్ నిలబడే చోట వట్టి మైకు పెట్టి దానికి పూలదండ వేయించాడు అన్న.

మైకుకు దండేమిటి? అది పనిముట్టు. గీతకత్తికి, మగ్గం నాడెకు దసరా నాడు పూజ చేస్తాం, పని చేయడానికి చేస్తాం. పని మానేయమని దండ వేయం. ఇదంతా అన్న మొహం మీదే గట్టిగా అడిగేశాను. ఆయన అవతలికి పోయాక అడిగాను, యాంప్లిఫైయర్‌ను. అయినా అడిగాను.

లావణ్య బిడ్డనెత్తుకుని వచ్చింది. గొంతు తయారు చేయడానికి ఆమే ఒప్పుకుందని అన్న అంతకుముందే చెప్పాడు. ఆమెను నేను తప్పుపట్టను. ఆ గొంతు మళ్ళీ వినాలని అడిగే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే అది ఆమెకూ, ఆ పాపకూ. అన్నకు లేదు. నాకు లేదు.

ల్యాప్‌టాప్ ఆయన నొక్కాడు. గొంతు వచ్చింది. అబద్ధం ఎందుకు, గంగాధర్ గొంతే. నా చెయ్యి మిక్సర్ మీదే ఆగిపోయింది. పాప తల తిప్పి తెర వైపు చూసింది. పాట నడిచింది, కరెంటు పోయే చోటు వచ్చింది, నిశ్శబ్దం వచ్చింది. ఆ వెంటనే, ఊపిరి లేకుండా, గొంతు పాడటం మొదలుపెట్టింది. పిల్లలు ముగ్గురూ ఇంకా ఊపిరి కోసం చూస్తూనే ఉన్నారు. గొంతు ఒక్కటీ ముందుకు వెళ్ళిపోయింది.

"ఊపిరేది?" అన్నాడు వేణు.

ల్యాప్‌టాప్ ఆయన సంబరంగా చెప్పాడు: "అదంతా నాయిస్ బ్రో. మొత్తం క్లీన్ చేసిన."

నాయిసట! నలుగురిని ఒక్కసారిగా లేపిన ఊపిరిని ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చేశాడు. ఆయన అన్నిటినీ విడదీసి, కడిగి, ఆరబెట్టాడు. మనిషిని మాత్రం చెత్తబుట్టలో వేశాడు.

అన్న విసుక్కున్నాడు. "ఏం వేణు, గొంతు అస్తుంది గద? దాని ఎన్క పోరాదు? గంత పెద్ద తెర పెట్టిచ్చిన."

"దాని ఎన్క పోవస్తలేదన్నా."

"ఎందుకు పోరాదు? నీకు కొట్టుడు రాదా?"

అప్పుడు లావణ్య అంది. గట్టిగా అనలేదు. "బంద్ చెయ్యున్రి అన్నా."

"ఏమైందమ్మా? మంచిగ లేదా?"

"మంచిగున్నది. మస్తు మంచిగున్నది." పాపను ఇంకో చంకకు మార్చుకుంది. "ఆయన పాడెటప్పుడు నాకు భయమయ్యేది. గంత పొడుగు మాట ఎత్తుకున్నడు, గాలి సరిపోతదా లేదా అని. నేను సుత ఊపిరి బిగవట్టి కూసునేదాన్ని. గిందుల భయం లేదు. గిది పడిపోదు. పడిపోనిది మా ఆయనెట్లయితడు?"

ల్యాప్‌టాప్ ఆయన మూత వేశాడు. పాపం, ఆ మాత్రం మర్యాద తెలిసినవాడే.

అన్న మాత్రం వేణు మీద పడ్డాడు. "మరి జనం దేనికస్తరు ర? టెంటు సూడనీకస్తరా? పాడేటోడు లేకుంట పాటేంది?"

వేణు లేచి తన డ్రమ్ముల సెట్టును జరపడం మొదలుపెట్టాడు. స్టేజీ వెనక నుంచి ముందుకు, పక్కకు, తిప్పి. నవీన్, జమీల్ కూడా తమవి జరిపారు. ముగ్గురూ ఎదురెదురు. సాంచాల షెడ్డులో మాట వినపడదు, మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని పెదవులతోనే మాట్లాడుకుంటారు. అట్లా నిలబడ్డారు. నవీన్ వీపు పూర్తిగా జనం వైపు.

"జనానికి ఈపు సూపెడ్తరా?" అన్న కేకేశాడు.

"మొకాలు మీ ఫ్లెక్సీల మీదున్నయి కదన్నా," అన్నాడు నవీన్. ఆ పిల్లవాడు జోకు వేయడం నేను విన్నది అదే మొదటిసారి.

కరెంటు వచ్చినప్పుడు

సాయంత్రం ఉపన్యాసాలు అయ్యాయి. దండలూ, శాలువాలూ అయ్యాయి. లావణ్య ముందు వరుసలో కూర్చుంది. ముగ్గురూ పాట ఎత్తుకున్నారు. గొంతు ఉండాల్సిన చోట ఏమీ పెట్టలేదు, గిటారుతో పూడ్చలేదు. అక్కడ అట్లాగే ఖాళీగా వదిలేశారు.

కాసేపటికే వెనక వరుసలు భోజనాల వైపు లేచాయి. "పాటెప్పుడు షురువైతది?" అని ఎవరో అరిచారు. అన్న ఫోను చెవికి పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది, పెద్ద బాక్సులు ఇంకాస్త పెంచాను. జనం మీద కోపం ఇట్లా తీర్చుకోకూడదు, పిల్లలూ. తీర్చుకుంటే మాత్రం హాయిగా ఉంటుంది.

నిశ్శబ్దం వచ్చింది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు. ఫ్యాన్లు తిరగడం వినపడింది. వంటవాళ్ళ గిన్నెల చప్పుడు వినపడింది. "కరెంటు పోయిందా?" అని ఎవరో అన్నారు, నలుగురు నవ్వారు. వేణు మొహం చూశాను, అతను సాంచాల మీదికి వెళ్ళిపోతున్నట్టే కనపడింది నాకు.

అప్పుడు వేణు ఒక్కడే కొట్టాడు. ఒంటరిగా. ఎవరూ అందుకోలేదు. నవీన్ ఆలస్యంగా, అదీ తప్పు దెబ్బలో అందుకున్నాడు. జమీల్ అందరికంటే చివర, వేరే చోట. మూడూ మూడు దారుల్లో, ఎవరి దెబ్బ వారిది. ఖతం, అనుకున్నాను. ముందే నాకు అర్థమైందని తర్వాత ఊరంతా చెప్పాను గానీ, అబద్ధం. మొత్తం తగ్గించేద్దామని చెయ్యి పెట్టాను కూడా.

ముందు వరుసల్లోంచి ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. సిరిసిల్ల వాడు, వేణు తండ్రితో షెడ్డులో పని చేసేవాడు. రెండు చేతులూ పైకెత్తి "ఆఁ! గట్లనే! గట్లనే అస్తది!" అని కేకేశాడు.

నాకప్పుడు తట్టింది. షెడ్డులో కరెంటు వచ్చినప్పుడు సాంచాలన్నీ ఒక్కసారి లేవవు. ఒకటి లేస్తుంది. మనిషి పక్కదాని దగ్గరికి పోయి చెయ్యి వేస్తాడు, అదీ లేస్తుంది. ఇంకొకటి తెగిన పోగు కోసం ఆగుతుంది. కాసేపు అంతా గందరగోళం. తర్వాత చప్పుడంతా ఒక్కటవుతుంది. గంగాధర్ ఉన్నన్నాళ్ళూ నలుగురూ ఒక్కసారి లేచేది మనిషి ఊపిరితో. ఇది షెడ్డు లేచే తీరు. ఆ గందరగోళం మెల్లగా సర్దుకుని, వేణు చేతి కిందికి వచ్చి, ముగ్గురి దెబ్బా ఒక్కటైనప్పుడు లావణ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. అడగలేదు.

సగం కుర్చీలు ఖాళీ. చప్పట్లు కూడా సగమే. "పాట లేదుగని మంచిగున్నది" అని ఒకాయన నాకే చెప్పి పోయాడు. అన్న తర్వాత నన్ను పిలిచి, వచ్చే ఏడు మాత్రం పాడేవాణ్ణి పెట్టుకోవాలన్నాడు. పెట్టుకుంటామో లేదో మేము చూసుకుంటాం, మీరు మాత్రం మైకుకు దండ వేయొద్దన్నాను. ఈసారి ఆయన మొహం మీదే అన్నాను. సాక్షులున్నారు.

పనిలోకి వచ్చేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. మీకు శుభ్రమైన చప్పుడు కావాలని అందరూ అంటారు. కోర్సులోనూ అదే చెప్తారు. ఊపిరి, దగ్గు, కుర్చీ కిర్రు, తప్పు దెబ్బ, అన్నీ తీసేసే మిషన్లు మీ చేతికి ఇస్తారు. తీసే ముందు, దాన్ని పట్టుకుని ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూడండి.

తర్వాతి ఆదివారం సిరిసిల్ల షెడ్డుకు వెళ్ళాను. కొత్త పాట ఎత్తుకున్నారు. గంగాధర్ ఎప్పుడూ పాడని పాట. పాట తిరిగే చోట నవీన్ ముందే దూకాడు. వేణు డ్రమ్ము పుల్ల విసిరాడు, అది జమీల్ చాయి గ్లాసుకు తగిలింది.

"నీయవ్వ, నవీన్‌గా! నీకు ఆగుడు రాదా?"

"నువ్వే లేట్ ర! నీ చెయ్యి నిద్రవోయింది!"

"ఇద్దరు మూస్కోన్రి, నా చాయి పైసలు ఎవడిస్తడు?"

గంగాధర్ పోయిన తర్వాత వాళ్ళు ఒకరినొకరు తిట్టుకోవడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ చావు ఇంట్లో చుట్టాల్లా ఒకరితో ఒకరు మర్యాదగా ఉన్నారు. నేను గుట్టుచప్పుడు కాకుండా మైకులన్నీ తెరిచి, ఆ తిట్లన్నీ బాక్సుల్లోంచి పెద్దగా వినపడనిచ్చాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

"కాకా, బంద్ చెయ్యే!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.